అద్దాల అల్మారాలో మేం లేం

హైదరాబాదుకు చుట్టం వస్తే ఏం చూపిస్తారు? చార్మినార్ చూపిస్తారు. గోల్కొండ ఎక్కిస్తారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా ముందర నిలబెడతారు, గంటలు కొట్టే గడియారం ముందర కూర్చోబెడతారు. ఇంకా ఓపికుంటే పురానీ హవేలీకి తోలుకపోయి ఆరో నిజాం బట్టల బీరువాలు చూపిస్తారు. మాపటికి బిర్యానీ తినిపించి, ఇరానీ చాయ్ తాగించి, 'ఇదీ మా హైదరాబాద్ తెహజీబ్' అని చెప్పి బస్సెక్కిస్తారు.

ఆ చుట్టం మా ఆటో ఎక్కాడు. మా చేతి వంట తిన్నాడు. మా ఆడవాళ్లు చేసిన గాజులు బేరమాడి కొన్నాడు. మమ్మల్ని మాత్రం చూడలేదు. అతను చూసింది నవాబును. ఊరికి పోయి ముస్లింల గురించి చెప్పేటప్పుడు కూడా నవాబు గురించే చెబుతాడు.

మ్యూజియంలో ముస్లిమంటే నవాబు. గేటు దాటి రోడ్డు మీదికొస్తే ముస్లిమంటే అనుమానం. పత్రికాఫీసుల్లో బతికేవాళ్లం కాబట్టి ఈ సంగతి మాకు మరీ బాగా తెలుసు. ఆదివారం అనుబంధానికి నిజాం వైభవం మీద వ్యాసం కావాలంటే మమ్మల్నే అడుగుతారు. మిగతా రోజుల్లో 'పాతబస్తీ' అన్న మాట శీర్షికలోకి వచ్చిందంటే దాని పక్కన 'ఉద్రిక్తత' వుండాల్సిందే. వైభవానికీ ఉద్రిక్తతకూ నడుమ రోజూ బతికే మనిషి ఎక్కడ పోయాడు? 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లాలో నూటికి 43 మందికి పైగా మేమే. ఇంతమందిమి వున్న నగరంలో, నగరం తన కథ చెప్పుకునే చోట మేమెందుకు లేం? ఇది అడగడానికే రాస్తున్నాం.

ముందే ఒక మాట. మ్యూజియాల మీద మాకు పగ లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో వారసులు లేకుండా చనిపోయాడు. ఆయన కూడబెట్టిన వస్తువుల్ని 1951 డిసెంబరు 16న ఆయన ఇల్లు దివాన్ దేవిడిలోనే జనం కోసం తెరిచారు. నెహ్రూ వచ్చి ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యమున్న సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. మంచిదే. ఒక ఇంటి సొత్తు అందరిదైంది. కానీ అది ప్రపంచాన్ని కొనుక్కొచ్చుకున్న ఒక శ్రీమంతుడి ముచ్చట. రెబెక్కాను చెక్కిన బెంజోనీ ఇటలీవాడు. గడియారం కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీది. అందులో హైదరాబాద్ పాలు ఎంత? దివాన్ దేవిడి గతే చూడండి. వస్తువులు మిగిలాయి, ఇల్లు మిగల్లేదు. ఇవాళ ఆ పేరు చెబితే జనానికి టోకు బట్టల దుకాణాలు గుర్తొస్తాయి.

పురానీ హవేలీలో నిజాం మ్యూజియం 2000లో తెరిచారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవం 1937లో జరిగితే వచ్చిన కానుకలు అక్కడ వున్నాయి. వెండితో చేసిన భవనాల నమూనాలు, రాళ్లు పొదిగిన డబ్బాలు, ఉత్సవానికి చేయించిన సింహాసనం. ఒక హాలు పొడవునా మహబూబ్ అలీ పాషా బట్టలకు చెక్క బీరువాలు. అదే హవేలీలో నగరం పేరిట సిటీ మ్యూజియం కూడా పెట్టారు. నగరం పేరు పెట్టుకున్న మ్యూజియం నగరమంత వుండాలి గదా. ఒక్క హవేలీ అంతే వుంటే ఎట్లా?

2018 సెప్టెంబరులో ఆ నిజాం మ్యూజియంలోంచి బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. పోలీసులు బృందాలు కట్టి వెతికి కొద్ది రోజుల్లోనే పట్టుకొచ్చారు. సంతోషమే. అదే హవేలీ చుట్టుపక్కల గల్లీల్లో ఎన్నో పనితనాలు ఏళ్ల తరబడి ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. వాటి కోసం ఫిర్యాదు రాసుకున్న ఠాణా ఏదీ?

వరఖ్ సంగతి తీసుకోండి. మీ మిఠాయి మీద, పాన్ మీద మెరిసే వెండి రేకు. చిన్న చిన్న వెండి ముక్కల్ని తోలు పుస్తకం ఆకుల నడుమ పెట్టి గంటల తరబడి సుత్తితో కొడితే ఊపిరి తగిలినా ఎగిరిపోయేంత పలచనవుతుంది. ఒకప్పుడు చార్మినార్ చుట్టూ ఏ గల్లీలోకి తిరిగినా ఆ ఠక్‌ఠక్ చప్పుడు వినపడేది. ఇప్పుడు వెతుక్కుంటూ పోవాలి. పొద్దంతా సుత్తి ఎత్తిన భుజం ఏ వయసుకు పడిపోతుందో ఏ అల్మారా పక్కన రాసుంది? లాడ్ బజార్ లక్క గాజులు తీసుకోండి. కుంపటి ముందర కూర్చుని లక్కను కాచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయిని అద్దాలి. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజుకు గుర్తింపు వచ్చింది గానీ వేళ్లు కాల్చుకున్న వాళ్లకు రాలేదు. జర్దోజీ తీసుకోండి. కార్చోబ్ చట్రం మీద గుడ్డ బిగించి, మెడ వంచి, బల్బు వెలుతురులో తీగ కుడుతూ కళ్లు పోగొట్టుకునే ఆడవాళ్లకు ఆ జోడా ఏ పెళ్లికూతురు తొడుక్కుంటుందో తెలియదు. పెళ్లికూతురికీ వాళ్లెవరో తెలియదు.

మ్యూజియంలో వస్తువు పక్కన చీటీ వుంటుంది. ఎవరికి కానుకగా వచ్చిందో వుంటుంది. ఎవరిచ్చారో వుంటుంది. ఏ శతాబ్దమో వుంటుంది. చేసిన కారీగర్ పేరు వుండదు. ఇచ్చిన చెయ్యి, పుచ్చుకున్న చెయ్యి చరిత్రలో మిగిలాయి. చేసిన చెయ్యి మిగల్లేదు.

'సరే, పేరు లేకపోతే ఏమైంది? ఇది అన్ని కులాల పనివాళ్ల గతే గదా' అని మిత్రులు అంటారు. నిజమే, కుమ్మరికీ సాలెకూ కూడా ఇదే అన్యాయం జరిగింది. కానీ మా విషయంలో దానికి ఇంకో కొస వుంది. మ్యూజియంలో నవాబును మాత్రమే చూసి బయటికొచ్చినవాడు పంచరు దుకాణంలో టైరు విప్పుతున్న మావాణ్ణి చూసి, 'మీరు మమ్మల్ని నాలుగు వందల ఏండ్లు ఏలినోళ్లు' అంటాడు. ఎవడేలాడు? పంచరు వేసే యూసుఫ్ తాత ఏలాడా? బండి మీద పండ్లమ్మే ఖాజా తాత ఏలాడా? తోలు ఊనే వాళ్లు, దూది ఏకే వాళ్లు, రాయి కొట్టే వాళ్లు, పల్లకీ మోసే వాళ్లు ఎవర్ని ఏలారు? నవాబు భోగంలో మాకు వాటా రాలేదు. నవాబు మీద కోపంలో మాత్రం పూర్తి వాటా మాకే పంచుతున్నారు.

నిజాం రాజ్యంలో ముస్లింలంతా నిజాం మనుషులేనా? నగరం దాటి పల్లెకు పోయి చూడండి. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో తలపడి 1940లో హత్యకు గురైన షేక్ బందగీ ఎవరు? నగరంలోకి రండి. కార్మికుల్ని కూడగట్టి, ఆ పాలన మీద తిరగబడి, ఉర్దూలో విప్లవ కవిత్వం రాసిన మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు? రజాకార్ల దౌర్జన్యాల్ని, నిజాం మొండితనాన్ని తన ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్'లో ఎండగట్టి, 1948 ఆగస్టులో ఈ నగరం నడివీధిలోనే రజాకార్ల చేతిలో చనిపోయిన షోయబుల్లా ఖాన్ ఎవరు? రజాకార్ల కత్తుల్ని దాచిపెట్టమని మేం అడగడం లేదు. చూపించండి. వాళ్లు కాల్చిన ఊళ్ల పేర్లు రాయండి. ఆ కత్తి పక్కనే షోయబుల్లా కలం కూడా పెట్టండి. అప్పుడే పిల్లలకు పూర్తి కథ తెలుస్తుంది.

పూర్తి కథంటే తర్వాతి పేజీ కూడా. 1948 సెప్టెంబరు 13న సైన్యాలు కదిలాయి, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తేదీకి ఎన్ని పేర్లు పెట్టారో! ఒకరికి విమోచన, ఒకరికి సమైక్యత, ఇంకొకరికి ప్రజాపాలన. 2022లో ఒకే రోజున ఒకే నగరంలో రెండు ప్రభుత్వాలు రెండు మైదానాల్లో రెండు పేర్లతో జెండాలెగరేశాయి. మంచిది, ఎగరేయండి. మరి 17 తర్వాతి వారాల సంగతి? నెహ్రూ ప్రభుత్వం పంపితే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైన వాళ్లు జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చంపబడ్డారని వాళ్ల అంచనా. ఎక్కువ నష్టం జరిగింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. పూర్తి నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 2013 నాటికి గానీ ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదువుకోవడానికి దొరకలేదు.

ఆ జిల్లాల నుంచి మూటాముల్లె సర్దుకుని ప్రాణాలు అరచేత పట్టుకుని ఈ నగరానికి వచ్చిపడిన కుటుంబాలు ఎన్నో. పాతబస్తీలో తలుపు తడితే ఆ కథలు చెప్పే నానీలు వుండేవాళ్లు. ఒక్కొక్కరే కబరస్తాన్‌కు పోయారు. మేం చూసిన ఏ మ్యూజియంలోనూ ఆ కథలకు గోడ మీద జానెడు చోటు లేదు. 1949లో జాగీర్లు పోయాయి. జాగీర్దారు పోయాడని మాకేం ఏడుపు లేదు. కానీ ఆ దేవిడీల నీడన బతికిన బావర్చీ, సాయీసు, దర్జీ, సిపాయి రోడ్డున పడ్డారు. కచేరీల్లో ఉర్దూ పోయింది, దాంతోపాటే ఉర్దూ చదివిన గుమాస్తా ఉద్యోగమూ పోయింది. వాళ్ల కొడుకులు రిక్షాలు తొక్కారు. మనవళ్లు దుబాయికి, జెద్దాకు పోయారు. 'ముస్లింలు ఎందుకింత వెనకబడ్డారు?' అని అడిగేవాళ్లకు సగం జవాబు ఈ కథలోనే వుంది. ఆ కథ చెప్పే గది లేకపోతే 'వాళ్లకు చదువంటే ఇష్టం లేదు' అన్న అబద్ధమే జవాబుగా నిలబడిపోతుంది.

ఇక మనలో మనం ఒక మాట మాట్లాడుకుందాం. నిజాం నగలు 173 పీసుల్ని కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్నది. అందులో జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లు. రిజర్వ్ బ్యాంకు ఖజానాలో పెట్టి ఎప్పుడన్నా ఒకసారి చూపిస్తారు. వాటిని హైదరాబాదుకు తేవాలని సభ పెడితే మన షేర్వానీలన్నీ ముందు వరసలో వుంటాయి. తేవాల్సిందే, ఆ సొమ్ము ఈ నేల రైతు చెమట. కానీ ఆ వజ్రం తళుకు చూసి 'మేం ఒకప్పుడు ఇంతటివాళ్లం' అని మురిసిపోయే మన బీదవాణ్ణి చూస్తే దుఃఖం వస్తుంది. ఎప్పుడయ్యావు భాయ్ నువ్వు ఇంతటివాడివి? నీ తాత ఆ వజ్రాన్ని ఏ రోజు చూశాడు?

నవాబీ అద్దంలో మొహం చూసుకోవడం మనక్కూడా అలవాటైంది. సయ్యదులం, పఠాన్లం అని చెప్పుకుంటూ దూదేకులవాణ్ణి, మెహతర్‌ను, ఫకీరును, కసాబును దూరంగా కూర్చోబెడతాం. తర్వాత పెద్దమనుషుల సభకు పోయి తెహజీబ్ గురించి మాట్లాడతాం. మాహ్ లకా బాయి చందా పేరు ఎత్తడానికి జంకుతాం. 1768లో పుట్టి 1824లో పోయిన ఆ ఉర్దూ కవయిత్రి మౌలాలి గుట్ట కింద పడుకుని వుంది. ఆమె దివాన్ వుంది, సమాధి వుంది, చరిత్ర వుంది. తవాయిఫ్ అన్న ఒక్క మాట దగ్గర మన నోరు మూతపడుతుంది. రేపు నగర మ్యూజియంలో మనకొక గది ఇస్తామంటే, ఆ గదిని మనవాళ్లే మళ్లీ షేర్వానీలతో, తల్వార్లతో నింపేస్తారని మాకు భయం. అందుకే ఈ వ్యాసం సగం మనకోసం కూడా.

సెక్యులర్ మిత్రులకు ఇంకో మాట. మీరు మమ్మల్ని ప్రేమగానే చూస్తారు. గంగా-జమునా తెహజీబ్ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మాకొక సందేహం. రెండు నదులు కలిశాయంటే రెంటికీ నీళ్లుండాలి గదా? మా నది గురించి మీకేం తెలుసు? తెలుగు సాహిత్య చరిత్ర చదివారు గాబట్టి ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారని మీకు తెలుసు. పొన్నగంటి తెలగన తొలి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్రము'ను పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడని తెలుసు. తెలిసినవాళ్లకు తెలుసు, గోడ మీద మాత్రం లేదు. నిజాం కాలంలో 1914లో పెట్టిన పురావస్తు శాఖను నడిపింది గులాం యజ్దానీ. అజంతా బౌద్ధ చిత్రాలను కాపాడటంలో, వాటి మీద ఉద్గ్రంథాలు వేయడంలో ఆయనది పెద్ద చెయ్యి. మసీదుకు పోయి నమాజు చేసుకునే మనిషి బుద్ధుడి బొమ్మ రాలిపోకుండా ఏళ్ల తరబడి కాపలా కాశాడు. ఇది మీ పిల్లలకు చెప్పారా?

అంతదాకా ఎందుకు, మీ నోరు తెరవండి. కుర్చీ, కాగితం, జేబు, దుకాణం, దర్వాజ, ఖర్చు, జమ, బాకీ, రాజీ, దస్తావేజు, వకీలు, జమీను. రోజుకు ఎన్నిసార్లు పలుకుతారు? ఇవన్నీ అరబ్బీ పారశీకాల నుంచి ఉర్దూ మీదుగా నడిచొచ్చి మీ ఇంట్లో కూర్చున్న మాటలు. వాటిని బయటికి పొమ్మంటే మీరు ఒక బాకీ వసూలు చేసుకోలేరు, ఒక దస్తావేజు రాసుకోలేరు. అట్లాగే మా దక్కనీలో తెలుగు మాటుంది, తెలుగు యాసుంది, మరాఠీ నుంచి వచ్చిన 'నక్కో' వుంది. లక్నోవాళ్లు మా ఉర్దూ విని నవ్వుతారు. కోస్తావాళ్లు మా తెలుగు విని నవ్వుతారు. ఈ ఇద్దరూ నవ్వే భాషే ఈ నగరం అసలు భాష. దానికి మ్యూజియంలో ఒక గది కట్టండి.

అడగడం మొదలుపెట్టాం కాబట్టి మొత్తం అడుగుతాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగితే వేలాది మంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టెక్కిన వాళ్లలో అన్ని మతాలవాళ్లూ వున్నారు. వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించిన నిజాం పేరు అందరికీ తెలుసు, పథకం వేసిన విశ్వేశ్వరయ్య పేరు తెలుసు. తట్టలు మోసినవాళ్ల పేర్లు కూడా కావాలి. ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపు దళంలో చేరిన సిద్దీల పేరు మీదే ఎ.సి. గార్డ్స్ అన్న బస్తీ వుంది. బారక్స్ అన్న మాటే బార్కస్ అయింది, అక్కడ యెమెన్ నుంచి వచ్చిన చావుష్‌లున్నారు. వాళ్లు తెచ్చిన మర్ఫా వాద్యానికి ఇవాళ మతం చూడకుండా ఎన్ని పెళ్లి బరాత్‌లు గంతులేయడం లేదు? ఆ డప్పును మ్యూజియంలో పెట్టండి, పక్కన వాయించే మనిషిని కూర్చోబెట్టండి. బాద్‌షాహీ అషూర్‌ఖానా పింగాణీ పలకల అందం చెప్పండి, దాంతోపాటు తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు అలావా చుట్టూ ఆడే మాదిగ, గొల్ల, దూదేకుల పిల్లల సంగతీ చెప్పండి. దుబాయి నుంచి మాటలు నింపి పంపిన క్యాసెట్లు మా ఇళ్ల ట్రంకు పెట్టెల్లో ఇంకా వున్నాయి. రిక్షా బిళ్లలున్నాయి. రేషను కార్డులున్నాయి. కర్ఫ్యూ పాసులున్నాయి. అవి చరిత్ర కాదంటే మరేది చరిత్ర?

చీటీలు తెలుగులో, ఉర్దూలో రెంటిలోనూ రాయండి. ఏం పెట్టాలో నిర్ణయించే కూర్పులో నవాబుల వారసుల పక్కన ఒక గాజులామెకు, ఒక వరఖ్ కారీగర్‌కు, ఒక దూదేకుల టీచరమ్మకు కుర్చీ వేయండి. ముసలివాళ్లు బతికుండగానే వాళ్ల మాటలు రికార్డు చేయండి.

ఇదంతా గతం మీద మోజుతో అడగడం లేదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా బస్తీల్లో ఏం జరిగిందో మీకు తెలుసు. ఇంటింటా పాత ట్రంకు పెట్టెలు తెరిచి కాగితాలు వెతుక్కున్నారు. తాత పుట్టిన తేదీ ఏది, తండ్రి బడి సర్టిఫికెట్ ఏది, పేరులో ఒక అక్షరం తేడా వుందేమిటి అని నిద్రలు మానుకున్నారు. 2020లో నగరపాలక ఎన్నికల ప్రచారానికి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దమనిషి నగరం పేరే మారుస్తామన్నాడు. మమ్మల్ని కాగితాలు అడుగుతున్న కాలంలో, నగరం దగ్గర కూడా మా కాగితం వుండాలి. మేమిక్కడ పుట్టామని, ఇక్కడే చెమటోడ్చామని, ఇక్కడి వరదలో కొట్టుకుపోయామని, ఇక్కడి మట్టిలోనే కలిశామని నగరం స్వయంగా సాక్ష్యం చెప్పాలి. నగర మ్యూజియమంటే మా లెక్కలో ఆ సాక్ష్యమే. నవాబు బట్టల బీరువా ఆ సాక్ష్యం చెప్పదు.

అల్మారాలు మీవి, అద్దాలు మీవి, తాళంచెవులు మీ దగ్గరే వున్నాయి. వస్తువులు మా దగ్గరున్నాయి, తెచ్చిస్తాం. కానీ ఈసారి ఒక షరతు మీద. వస్తువు పక్కన చేసినవాళ్ల పేరు రాయాలి.